వృద్ధాశ్రమంలో నిర్లక్ష్యం వల్లే అమ్మో నాన్నో చనిపోయారన్న అనుమానం ఉంటే: తిరుపతి, చిత్తూరు జిల్లాల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, తల్లినో తండ్రినో తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక ఆశ్రమంలో ఉంచి నెలనెలా డబ్బు కడుతున్న కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఒకరోజు ఫోన్ వస్తుంది, హడావుడిగా బయలుదేరి వస్తారు, కార్యక్రమాలన్నీ ముగిశాక ఇంట్లో కూర్చున్నప్పుడు సందేహాలు మొదలవుతాయి. అటువంటి వారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. మీ కాగితాలు చూసిన న్యాయవాది ఇచ్చే సలహాకు ఇవి ప్రత్యామ్నాయం కావు. ఆయన దగ్గరికి వెళ్లేలోపు మీ చేతిలో ఏం ఉండాలో, ఏది చేజారకూడదో తెలియజేయడమే వీటి ఉద్దేశం.

అమ్మది వయసు మీద పడ్డ మరణమా, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణమా? మాకెలా తెలుస్తుంది?

మొదటి రోజునే తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఎనభై దాటిన మనిషి, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్న మనిషి, ఎంత బాగా చూసుకున్నా చనిపోవచ్చు. ప్రతి మరణం వెనుకా ఒకరి తప్పు ఉండి తీరాలని లేదు. అయితే కొన్ని గుర్తులు ఉన్నప్పుడు ప్రశ్నించడం మీ హక్కు మాత్రమే కాదు, అవసరం కూడా.

వాటిలో ముఖ్యమైనవి బెడ్‌సోర్లు అని పిలిచే పడక పుండ్లు. మంచం మీద నుంచి లేవలేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం నర్సింగ్‌లో మామూలు పద్ధతి. అలా చేయనప్పుడు నడుము కింది భాగంలో, తుంటి ఎముకల మీద, మడమల మీద చర్మం ముందు ఎర్రబడి, తరువాత చితికి, చివరికి ఎముక కనిపించేంత లోతుగా పుండు పడుతుంది. ఎముక దాకా వెళ్లిన పుండు చాలావరకు ఒక్క పూటలో వచ్చేది కాదు. రోజూ ఒళ్లు తుడిచి బట్టలు మార్చేవారికి అది కనబడకుండా ఉండే అవకాశం తక్కువ. కొందరిలో రక్తప్రసరణ లోపం వల్ల జాగ్రత్త తీసుకున్నా పుండ్లు పడవచ్చు కాబట్టి, పుండు పడిందా అన్నదానికంటే, కనిపించాక డాక్టరును ఎప్పుడు పిలిచారు, కట్టు ఎవరు కట్టారు, మీకు ఎప్పుడు చెప్పారు అన్నవే అసలు ప్రశ్నలు.

మనిషి కొద్ది వారాల్లో బాగా చిక్కిపోవడం, నాలుక పిడచకట్టుకుపోవడం, పడిపోయిన సంగతి మీకు చెప్పకపోవడం, ఇన్సులిన్‌లో లేదా బీపీ మందులలో తేడా జరగడం, పడుకోబెట్టే అన్నం తినిపించినందువల్ల ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయి న్యుమోనియా రావడం, ఆయాసం మొదలైన చాలా గంటల తరువాత గానీ ఆసుపత్రికి తరలించకపోవడం కూడా ఇటువంటివే. మరణం గురించి వార్డెన్ ఒకటి, ఆయా ఒకటి, ఆంబులెన్స్ డ్రైవర్ మరొకటి చెబితే ఆ మూడింటినీ అదే రోజు తేదీతో సహా రాసి పెట్టుకోండి.

అంత్యక్రియలు ఇంకా జరగలేదు. ఇప్పుడు మేం ఏం చేయాలి?

అనుమానం బలంగా ఉంటే, మృతదేహాన్ని దహనానికి తీసుకువెళ్లక ముందే ఆ ఆశ్రమం ఏ పోలీసు స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వెంటనే వెళ్లలేకపోతే 112కు ఫోన్ చేయండి. అసహజ మరణమన్న సమాచారం అందినప్పుడు పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ కింద శవపంచనామా జరిపి, దేహాన్ని పోస్టుమార్టానికి పంపుతారు. తిరుపతి వైపు అయితే సాధారణంగా రుయా ఆసుపత్రికి, చిత్తూరు వైపు అయితే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళతారు. పోలీసుల వినతిపత్రం లేకుండా మీరు నేరుగా వెళ్లి అడిగితే ఈ పరీక్ష చేయరు. పోస్టుమార్టానికి డబ్బు కట్టనవసరం లేదు.

పంచనామా జరిగే చోట కుటుంబం నుంచి ఒకరు తప్పక ఉండాలి. ఒంటి మీది పుండ్లు, కమిలిన గుర్తులు, మనిషి చిక్కిపోయిన తీరు పంచనామాలో రాయమని అడగండి. అవసరమైతే అవయవ భాగాలను రసాయన పరీక్షకు పంపమని కూడా ఫిర్యాదులోనే కోరవచ్చు. స్నానం చేయించక ముందు, కొత్త బట్ట చుట్టక ముందు ఫోటోలు తీయండి. పుండు పక్కన ఒక స్కేలు పెట్టి తీసిన ఫోటో, ఆ తరువాత నోటితో చెప్పే మాటలకంటే బాగా నిలుస్తుంది. కన్నతల్లి దేహాన్ని అలా ఫోటో తీయడానికి చేతులు రావు. కడుపున పుట్టినవారిని ఆ పని చేయమనకండి, దగ్గరి బంధువుల్లో కాస్త గుండె నిబ్బరం ఉన్నవారికి అప్పగించండి.

పొద్దు గుంకేలోపు దహనం పూర్తి కావాలని పెద్దలు తొందరపెట్టడం, పోస్టుమార్టం అంటే శరీరం పాడవుతుందని భయపడటం ఇక్కడ మామూలే. కుట్లు వేసి, గుడ్డ చుట్టి దేహాన్ని అప్పగిస్తారు. కర్మకాండకు అడ్డంకి ఉండదు. ఒక రోజు ఆలస్యమవుతుందన్నది నిజమే, కానీ ఆ రోజు పోగొట్టుకున్న సాక్ష్యం మళ్లీ దొరకదు.

దహనం అయిపోయింది. ఇక కేసు నిలవదని అందరూ అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. పోస్టుమార్టం లేకపోవడం లోటే, ముఖ్యంగా క్రిమినల్ కేసులో అది పెద్ద లోటు. అయినా దారులన్నీ మూసుకుపోవు. చాలా ఆశ్రమాలు మనిషి పరిస్థితి విషమించాక చివరి గంటల్లోనో చివరి రోజుల్లోనో ఒక ఆసుపత్రికి తరలిస్తాయి. ఆ ఆసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు మొదటిసారి చూసి రాసిన నాలుగు వాక్యాలే చాలా కేసుల్లో అన్నిటికంటే విలువైన సాక్ష్యం. ఒంటి మీద ఎన్ని పుండ్లు ఉన్నాయి, నీరసం ఎంత ఉంది, బీపీ, షుగర్, సోడియం ఎంత ఉన్నాయి, ఎన్ని రోజులుగా తిండి లేదని తీసుకువచ్చినవారు చెప్పారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ డాక్టరుకు ఆశ్రమాన్ని కాపాడవలసిన అవసరమూ లేదు, మీ పట్ల పక్షపాతమూ లేదు. 108 ఆంబులెన్స్‌లో తీసుకువెళ్లి ఉంటే ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు చేర్చారు అన్న నమోదు కూడా ఉంటుంది.

ఖననం జరిగినచోట, కారణాలు బలంగా ఉంటే మేజిస్ట్రేటు ఆదేశంతో దేహాన్ని వెలికితీసి పరీక్షించే వీలు చట్టంలో ఉంది. ఆ నిర్ణయం కుటుంబం బాగా ఆలోచించుకుని తీసుకోవలసినది.

ఏ కాగితాలు సేకరించాలి? ఎంత త్వరగా?

ఆశ్రమంలో ఏం జరిగిందో చెప్పే కాగితం రాసేది ఆ ఆశ్రమమే. అది మారకముందే, పోకముందే, దాని నకలు మీ చేతికి రావాలి. అందుకే కార్యక్రమాలు పూర్తి కాకపోయినా మొదటి వారంలోనే ఒక ఉత్తరం రాయడం మంచిది: చేర్చుకున్నప్పటి ఫారం, రోజువారీ సంరక్షణ చార్టు, మందుల రిజిస్టరు, డాక్టరు వచ్చి చూసిన నోట్స్, డ్యూటీ సిబ్బంది పేర్లు ఇవ్వమని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సీసీటీవీ దృశ్యాలను చెరపకుండా భద్రపరచమని అందులో కోరండి. సీసీటీవీలో పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయిపోతుంటాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, లేదా చేతికిచ్చి నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి.

డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనల ప్రకారం, రోగి గాని ఆయన తరఫువారు గాని అడిగినప్పుడు వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్ల పాటు భద్రపరచాలి. చివరికి చేర్చిన ఆసుపత్రికి రాసే ఉత్తరంలో ఈ నిబంధనను ప్రస్తావించండి.

చార్టు చేతికొచ్చాక దాన్ని తీరికగా చూడండి. నెల మొత్తం బీపీ 120/80 అని, జ్వరం 98.4 అని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసి ఉంటే, అది మంచం పక్కన నిలబడి రాసిన కాగితమా, తరువాత ఒకేసారి కూర్చుని నింపిన కాగితమా అన్న ప్రశ్న వస్తుంది. ఆ వారంలో సెలవులో ఉన్న నర్సు సంతకం అందులో కనిపిస్తే అది ఇంకా పెద్ద ప్రశ్న. అటువంటి చోట్ల గీతలు గీయకుండా, అసలు కాగితాన్ని అలాగే ఉంచి, జిరాక్సు మీద గుర్తు పెట్టుకోండి.

మీ దగ్గరున్నవీ తక్కువేమీ కావు. నెలవారీ ఫీజు రసీదులు, ఫోన్‌పే లేదా బ్యాంకు చెల్లింపులు, మందుల బిల్లులు, వాట్సాప్‌లో ఆశ్రమం పంపిన ఫోటోలు, "అమ్మ బాగానే ఉన్నారు" అన్న సందేశాలు, వీడియో కాల్స్ సమయాలు, వీటన్నిటినీ ఒకచోట చేర్చండి. ఆ ఫోన్‌ను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అసలు పరికరం మీ దగ్గరే ఉంటే ఆ పని సులువవుతుంది.

మరొక విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నగరపాలక సంస్థ లేదా పంచాయతీ ఇచ్చే మరణ ధ్రువీకరణ పత్రంలో మరణ కారణం ఉండదు. కారణాన్ని తెలిపే వైద్య ధ్రువపత్రం వేరే కాగితం. దాన్ని చివరగా చికిత్స చేసిన డాక్టరు ఇస్తారు, దాని నకలు దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. దానిని అడిగి తీసుకోండి. "గుండె ఆగి మరణం" అని మాత్రమే రాసి ఉంటే, దాని వెనుక ఉన్న మూల కారణం ఏమిటని రాతపూర్వకంగా అడగండి.

మా నాన్న ఉన్నది వృద్ధాశ్రమం. దాన్ని అడిగేవారు ఎవరు?

పడకలు వేసి చికిత్స చేసే నర్సింగ్ హోం అయితే, అది ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంరక్షణ సంస్థల 2002 నాటి చట్టం కింద నమోదై ఉండాలి. నమోదు వ్యవహారం చూసేది జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం. బస, భోజనం, సంరక్షణ మాత్రమే ఇచ్చే ఆశ్రమం అయితే, దాన్ని సొసైటీ నడుపుతోందా, ట్రస్టు నడుపుతోందా, వ్యక్తి సొంతంగా నడుపుతున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. బోర్డు మీది పేరు ఒకటి, రసీదు మీది పేరు ఒకటి ఉండటం మామూలే. కేసు వేయవలసింది రసీదు మీదా రిజిస్ట్రేషన్ మీదా ఉన్న పేరు మీద. ఆ సంస్థ నమోదు, తనిఖీ నివేదికల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద సంబంధిత ప్రభుత్వ కార్యాలయాన్ని అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. "వృద్ధాశ్రమం" అని బోర్డు పెట్టి, లోపల సెలైన్లు ఎక్కిస్తూ, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పెడుతూ ఉంటే, ఆ సంస్థ వైద్య సంస్థగా నమోదైందా అన్న ప్రశ్నను ఫిర్యాదులో తప్పక లేవనెత్తండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి తిరుపతి వేరే జిల్లా అయింది. పోలీసు, రెవెన్యూ వ్యవహారాల్లో కొత్త హద్దులే చూడాలి. కోర్టుల పరిధి మాత్రం అన్నిచోట్లా ఆ హద్దుల వెంట నడవదు, ముఖ్యంగా నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేట వైపు వారు ఏ కోర్టుకు వెళ్లాలో ముందే కనుక్కోవాలి.

పోలీసు కేసు పెట్టవచ్చా? ఏ సెక్షన్ కింద?

పెట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 106(1) సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. అంతకుముందు జరిగినదైతే పాత శిక్షాస్మృతిలోని 304ఎ వర్తిస్తుంది, దానిలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఒప్పందం ప్రకారం నిస్సహాయుడైన మనిషిని చూసుకోవలసినవారు ఆ పని మానేస్తే శిక్షించే 357వ సెక్షన్ కూడా న్యాయ సంహితలో ఉంది. శిక్ష చిన్నదే, మూడు నెలల వరకు జైలు లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఆశ్రమాలకు సరిగ్గా సరిపోయే సెక్షన్ అది. వయోవృద్ధులను చూసుకునే బాధ్యత ఉన్నవారు వారిని వదిలేస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 24వ సెక్షన్ వర్తిస్తుంది.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. పరిధి తమది కాకపోతే వారు జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, పరిధి ఉన్న స్టేషన్‌కు పంపాలి. 106(1) వంటి నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు పోలీసులకు ఉంది కాబట్టి, "విచారించి చెబుతాం" అన్నంత మాత్రాన తిరస్కరించారని అనుకోనక్కరలేదు. నిజంగానే నమోదు చేయకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపాలి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

ఒక్క మాట ముందే తెలుసుకోవడం మంచిది. 106(1) బెయిలు ఇవ్వదగిన నేరం. అరెస్టయిన మనిషి అదే రోజు బయటికి రావచ్చు. అది చూసి కేసు అయిపోయిందని కుటుంబాలు నీరుగారిపోతాయి. బెయిలు అంటే నిర్దోషి అని కాదు.

డాక్టరు మీద కూడా పెట్టవచ్చా?

పెట్టవచ్చు గానీ కొలబద్ద వేరు. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు, డాక్టరును క్రిమినల్ కేసులో శిక్షించాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలని, ఫిర్యాదుకు మరొక సమర్థుడైన డాక్టరు అభిప్రాయం ఆధారంగా ఉండాలని చెప్పింది. పరిహారం కోరే కేసుకు అంతటి తీవ్రత అవసరం లేదు. తప్పు ఆయాలదీ నిర్వాహకులదీ అయినప్పుడు, వారానికొకసారి వచ్చి చూసే డాక్టరును కూడా కోపంలో నిందితుల జాబితాలో చేర్చడం మీ కేసును బలహీనపరచవచ్చు. ఆయనే మీకు మంచి సాక్షి కావచ్చు కూడా. డాక్టరు వృత్తి ప్రవర్తనపై ఫిర్యాదును ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు విడిగా ఇవ్వవచ్చు.

పరిహారం కోసం ఎక్కడికి వెళ్లాలి?

చాలా కుటుంబాలకు సరైన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్ అని నా అభిప్రాయం. చిత్తూరులోనూ తిరుపతిలోనూ కమిషన్లున్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చనిపోయిన వినియోగదారు వారసులు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోటనో ఉద్యోగం చేసే చోటనో కూడా వేయవచ్చు. అంటే ఆశ్రమం తిరుపతిలో ఉన్నా బెంగళూరులో ఉండే కూతురు అక్కడి కమిషన్‌కే వెళ్లవచ్చు. సాక్షులు, రికార్డులు ఇక్కడే ఉంటారు కాబట్టి వీలైతే ఇక్కడే వేయమని చాలామంది న్యాయవాదులు చెబుతారు.

జిల్లా కమిషన్ పరిధి మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, ఆశ్రమానికి మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్ చూస్తుంది కాబట్టి దాదాపు అన్ని ఆశ్రమాల కేసులూ ఇక్కడికే వస్తాయి. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుమే లేదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. సందేహాలుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ దాని మీద ఆధారపడవద్దు. పోలీసు కేసు తేలాక చూద్దామని ఆగిపోయి ఈ గడువును పోగొట్టుకోవద్దు. రెండూ ఏకకాలంలో నడపడానికి చట్టంలో అడ్డు లేదు. సివిల్ కోర్టులో ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయాలన్నా గడువు మరణించిన తేదీ నుంచి రెండేళ్లే, పైగా కోర్టు ఫీజు ఎక్కువ.

నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని, నిర్లక్ష్యం దానంతటదే స్పష్టమయ్యే కేసులుంటాయని సుప్రీంకోర్టు 2010లో వి. కిషన్ రావు కేసులో చెప్పింది. మన హైదరాబాదు నుంచి వెళ్లిన కేసే అది. అయినా నిరూపించే భారం ఫిర్యాదుదారుదే. పడక పుండ్ల వంటి విషయంలో ఒక జనరల్ ఫిజీషియన్ రాసిన రెండు పేజీల అభిప్రాయం ఉంటే కేసుకు వెన్నెముక దొరికినట్లే.

అది ఉచిత ఆశ్రమం. మేం ఏమీ కట్టలేదు. అప్పుడు?

అందరికీ పూర్తిగా ఉచితంగా ఇచ్చే సేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరిని ఉచితంగా చూసే చోట, ఉచితంగా ఉన్నవారు కూడా వినియోగదారులేనని వైద్య సేవల విషయంలో 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీకు ఉపయోగపడవచ్చు. "విరాళం" పేరుతో నెలనెలా కట్టించుకుని ఉంటే ఆ రసీదులు భద్రంగా పెట్టండి. క్రిమినల్ కేసుకు డబ్బు కట్టారా లేదా అన్నదానితో సంబంధం లేదు. ప్రభుత్వం నడిపే ఆశ్రమమైతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు.

చేర్చేటప్పుడు "ఏం జరిగినా ఆశ్రమానికి బాధ్యత లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాం.

దాదాపు అందరూ పెడతారు. ఆ సంతకం నిర్లక్ష్యానికి అనుమతి కాదు, నేరాన్ని అది కప్పిపుచ్చదు. సహజ కారణాలతో మరణిస్తే మమ్మల్ని అడగవద్దు అన్నంత వరకే దానికి అర్థం. వివాదాలన్నీ మధ్యవర్తి తీర్పుకు, అంటే ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలని రాసుకున్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు పోదు. ఆ కాగితాన్ని న్యాయవాది దగ్గర దాచకండి; ముందే చూపితే దానికి జవాబు ఫిర్యాదులోనే రాస్తారు.

అమ్మను అక్కడ వదిలింది మేమే. కోర్టు మమ్మల్నే తప్పుపడుతుందేమో?

ఇది అందరి మనసులోనూ ఉండే ప్రశ్న, చాలామంది నోరు విప్పి అడగరు. అవతలి పక్షం న్యాయవాది "ఆఖరిసారి ఎప్పుడు వచ్చి చూశారు?" అని తప్పక అడుగుతారు. దానికి నిజమైన జవాబు ఇవ్వండి. మూడు నెలలుగా రాలేకపోయి ఉంటే రాలేదనే చెప్పండి, ఫోన్లు చేసి ఉంటే వాటి రికార్డు చూపండి. డబ్బు తీసుకుని చూసుకుంటామని మాట ఇచ్చినవారి బాధ్యత, మీరు తరచుగా రాలేకపోయారన్న కారణంతో తగ్గదు. ఇంట్లో చూసుకునే మనిషి లేకనే కదా అక్కడ చేర్చింది. అపరాధ భావంతో ఊరుకున్న కుటుంబాల వల్ల మేలు జరిగేది ఆ ఆశ్రమానికే.

అన్నయ్య కేసు వద్దంటున్నాడు. ఒక్కరమే వేయవచ్చా?

వేయవచ్చు. వారసుల్లో ఒకరు ఫిర్యాదు చేసి, మిగతావారి పేర్లను అందులో చూపాలి. వారిని అవసరమైతే లాంఛనంగా ప్రతివాదులుగా చేరుస్తారు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందే తీసుకోండి. అయితే అన్నదమ్ముల్లో ఒకరు ఆశ్రమం తరఫున సాక్ష్యం చెప్పే పరిస్థితి వస్తే కేసు దెబ్బతింటుంది, కాబట్టి కర్మకాండ ముగిశాక ఒకసారి అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మేలు. ఆస్తి పంపకాల గొడవను ఈ కేసులోకి లాగనివ్వకండి.

ఎంత పరిహారం వస్తుంది? ఎంతకాలం పడుతుంది?

మొత్తం ముందే చెప్పగలిగేవారు ఎవరూ లేరు, చెప్పేవారిని నమ్మవద్దు. ఆర్జన లేని వృద్ధుల విషయంలో కోల్పోయిన ఆదాయం లెక్కలోకి రాదు కాబట్టి, కట్టిన ఫీజు, ఆసుపత్రి ఖర్చు, ఆ మనిషి పడ్డ బాధ, కుటుంబానికి కలిగిన మనోవేదన, కేసు ఖర్చులు వీటి మీదే లెక్క నడుస్తుంది. నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా వాస్తవంలో ఏళ్లు పట్టవచ్చు. తరువాత రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు ఉంటుంది, దానికి గడువు 45 రోజులు.

న్యాయవాదిని ఎలా ఎంచుకోవాలి? ఫీజు ఎలా ఉంటుంది?

మెడికల్ కేసులో, వినియోగదారుల కేసులో ఇదివరకు వాదించిన అనుభవం ఉందా అని నేరుగా అడగండి. మంచి న్యాయవాది మొదటి సమావేశంలో మీ కథ కంటే ముందు మీ కాగితాలు అడుగుతారు, కేసులో ఉన్న బలహీనతలు కూడా చెబుతారు. "గెలిస్తే వచ్చిన దానిలో ఇంత వాటా" అన్న ఒప్పందం మన దేశంలో న్యాయవాదులకు నిషిద్ధం. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. ప్రకటనలూ, మధ్యవర్తుల ద్వారా కేసులు పట్టుకోవడమూ నిషిద్ధమే. కాబట్టి మార్చురీ దగ్గర మీ భుజం మీద చెయ్యి వేసి "లాయరు గారి దగ్గరికి తీసుకెళతా" అనే మనిషికి దూరంగా ఉండండి. ఫీజు ఎంత, ఏ దశలో ఎంత ఇవ్వాలి, టైపింగ్, ప్రయాణ ఖర్చులు అందులో కలిసి ఉన్నాయా అన్నది రాసుకోండి. న్యాయవాదిని మార్చుకోవలసి వస్తే, ఫీజు బాకీ ఉందన్న కారణంతో మీ ఫైలును ఆపే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది.

లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదు.

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ హక్కు ఉంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. అంటే కూతురు గాని కోడలు గాని వెళ్లి అడిగితే జీతం ఎంత అన్న ప్రశ్నే రాదు. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గాని, తిరుపతి కోర్టుల వద్ద మండల న్యాయ సేవా కమిటీలో గాని దరఖాస్తు ఇవ్వవచ్చు. ఫోన్ నంబరు 15100.

మేం విదేశంలో ఉన్నాం. రాలేము.

ఇక్కడున్న నమ్మకస్తుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కమిషన్ విచారణకు వీడియో ద్వారా హాజరయ్యేందుకు అనుమతి కోరవచ్చు.

ఆశ్రమం డబ్బు ఇస్తామని, ఒక కాగితం మీద సంతకం పెట్టమని అంటోంది.

దశదిన కర్మ లోపు ఏ కాగితం మీదా సంతకం చేయవద్దు. అడ్వాన్సు తిరిగి ఇవ్వడం పరిహారం కాదు, అది ఎలాగూ మీకు రావలసిన డబ్బే. రసీదు మీద "ఎటువంటి ఫిర్యాదులు లేవు" అన్న వాక్యం ఉంటే కొట్టేసి సంతకం చేయండి, ఒప్పుకోకపోతే తీసుకోకండి. నిజంగా రాజీ కావాలనుకుంటే అది న్యాయవాది సమక్షంలో, లోక్ అదాలత్‌లో జరిగితే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. 106(1) కేసు మాత్రం ఇరుపక్షాలూ స్టేషన్‌లో మాట్లాడుకుని మూసేయగలిగే నేరం కాదు.

ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టవచ్చా?

వద్దు. పరువు నష్టం కేసుకు అవకాశం ఇచ్చినట్లవుతుంది, సిబ్బంది జాగ్రత్త పడతారు, అమ్మ గౌరవమూ పోతుంది.

అక్కడ ఇంకా ఉన్న వృద్ధుల సంగతేమిటి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, అడిగినవారికి చేయగలిగింది చాలా ఉంది. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు సమాచారం ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఆశ్రమాన్ని తనిఖీ చేయమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. దాని నకలు ఆర్డీవోకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి పంపండి. అర్జీలో మీ కేసు గురించి ఒక పేరా చాలు, మిగతాది అక్కడున్నవారి పరిస్థితి గురించి రాయండి: రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది ఆయాలు, డాక్టరు వారంలో ఎన్నిసార్లు వస్తారు, మంచం పట్టినవారు ఎందరు. మీ అమ్మ పక్క మంచంలోని పెద్దావిడ అన్నీ చూసి ఉండవచ్చు, కానీ ఆమె ఇంకా అదే మంచంలో, అదే సిబ్బంది చేతుల మీద ఉంది. ఆమె పేరును మీ ఫిర్యాదులో రాసే ముందు ఆమె పిల్లలతో మాట్లాడండి. ఉద్యోగం మానేసి వెళ్లిన ఆయా లేదా నర్సు దొరికితే వారి వాంగ్మూలాన్ని మీరు రికార్డు చేయడం కంటే, న్యాయవాది ద్వారా అఫిడవిట్ రూపంలో తీసుకోవడం మంచిది.